మూడు శాతానికి శిక్షలు: మిగిలిన వారి లెక్క ఎవరు చెప్పాలి?

(ఉగ్రవాద నిరోధక చట్టాలపై హైదరాబాద్‌లో ఏర్పాటైన అవగాహన సదస్సులో ఒక న్యాయవాది చేసిన ప్రసంగపాఠం)



ఈ రోజు నాకిచ్చిన అంశం గణాంకాలు. అంకెల మీద ప్రసంగమంటే సభలో సగంమంది లేచి వెళ్లిపోతారని నాకు తెలుసు. అయినా ఈ అంశాన్ని సంతోషంగా అంగీకరించాను. దానికొక కారణముంది.

కొన్నేళ్ల క్రితం ఒక పెద్దాయన కోర్టు ఆవరణలో నన్ను ఆపి, జేబులోంచి మడతలు పెట్టిన కరపత్రం ఒకటి తీశారు. ఉపా చట్టం కింద అరెస్టయిన వారిలో 97 శాతం నిర్దోషులుగా విడుదలయ్యారని అందులో అచ్చయి ఉంది. ఆ వాక్యం కింద ఎవరో ఎర్ర సిరాతో గీత కూడా గీశారు. ఆయన అడిగారు: "వకీల్ సాబ్, నూటికి తొంభైయేడు మంది బయటికొచ్చేస్తే, మావాడు కూడా వచ్చేస్తాడు కదా?" అప్పటికి ఆయన కొడుకు జైల్లో నాలుగేళ్లుగా ఉన్నాడు. సాక్షుల విచారణ ఇంకా మొదలే కాలేదు.

నేనేమీ చెప్పలేకపోయాను. ఆ కరపత్రంలోని మాట నిజం కాదు. దాన్ని ముద్రించినవారి ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ అది ఒక తండ్రికి లేని ఆశ కల్పించింది. ప్రత్యర్థి చేతికి జవాబు అందించింది. అందుకే ఈ అంకెలను సరిగా చదవడం మనం నేర్చుకోవాలి. సరిగా చదివినప్పుడు మన వాదన బలహీనపడదు, మరింత పదునెక్కుతుంది. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

ముందుగా ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పిన లెక్కలు చూద్దాం. ఇవి జాతీయ నేర గణాంకాల సంస్థ, అంటే ఎన్‌సీఆర్‌బీ సేకరించినవి. కేంద్ర హోంశాఖ సహాయమంత్రులు లిఖితపూర్వకంగా సభ ముందుంచినవి. చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం, మనం ఉపా అని పిలుచుకునే చట్టం కింద 2016లో 999 మందిని అరెస్టు చేశారు. 2017లో 1,554 మందిని, 2018లో 1,421 మందిని, 2019లో 1,948 మందిని అరెస్టు చేశారు. నాలుగేళ్లలో మొత్తం 5,922 మంది. అదే నాలుగేళ్లలో శిక్ష పడినవారు 132 మంది.

ఆ తర్వాతి లెక్క ఇంకా పెరిగింది. 2019 నుంచి 2023 వరకు ఐదేళ్లలో 10,440 మంది అరెస్టయ్యారు, 335 మందికి శిక్ష పడింది. ఒక్క 2023లోనే 2,914 మందిని అరెస్టు చేశారు. ఏడేళ్లలో ఏటా జరిగే అరెస్టులు దాదాపు మూడింతలయ్యాయన్న మాట. 2016 నుంచి 2023 దాకా ఎనిమిదేళ్ల అంకెలు కూడితే అరెస్టులు 14,414, శిక్షలు 433. నూటికి మూడు.

రాష్ట్రాల వారీగా చూస్తే ఈ మూడు శాతం కూడా ఒక్క తీరుగా లేదు. 2019-2023 మధ్య జమ్మూకాశ్మీర్‌లో 3,600 మందికి పైగా అరెస్టయితే శిక్ష పడింది 23 మందికి. ఉత్తరప్రదేశ్‌లో 2,800 మందికి పైగా అరెస్టయితే 222 మందికి శిక్ష పడింది. అంటే దేశం మొత్తంలో పడిన శిక్షల్లో దాదాపు మూడింట రెండు వంతులు ఒకే రాష్ట్రానివి. మిగతా దేశమంతా కలిపి ఐదేళ్లలో శిక్ష పడినవారు నూటపదమూడు మందే.

ఈ అంకెలు మన చేతిలో ఉన్నాయి. ఇప్పుడు వీటిని ఎలా చదవకూడదో చెబుతాను.

మూడు శాతానికి శిక్ష పడింది కనుక తొంభైయేడు శాతం నిర్దోషులుగా తేలారు అనకూడదు. ఒక ఏడాది శిక్ష పడినవారు అదే ఏడాది అరెస్టయినవారు కారు. వారు ఎప్పుడో ఐదేళ్ల కిందటో, పదేళ్ల కిందటో అరెస్టయినవారు. ఈ ఏడాది అరెస్టయిన వారి కేసు ఏ ఏడాదిలో తేలుతుందో ఎవరికీ తెలియదు. రెండు వేర్వేరు గుంపులను పక్కపక్కన నిలబెట్టి శాతం తీస్తున్నామని గుర్తుంచుకోవాలి.

ప్రభుత్వం తరఫువారు మరో శాతం చెబుతారు. విచారణ పూర్తయిన కేసుల్లో ఎన్నింట్లో శిక్ష పడిందన్నది వారి లెక్క. ఆ పద్ధతిలో శాతం చాలా ఎక్కువగా కనిపిస్తుంది. ఒక ఉదాహరణ అనుకోండి. ఒక ఏడాది వందమందిని అరెస్టు చేశారు. ఆ ఏడాది కోర్టులో తీర్పు వెలువడింది పదిమంది విషయంలో. వారిలో ముగ్గురికి శిక్ష పడింది. అరెస్టులతో పోల్చితే మూడు శాతం. తీర్పులతో పోల్చితే ముప్ఫై శాతం. రెండు లెక్కలూ తప్పు కావు. కానీ ఆ రెండింటి మధ్య కనిపించకుండా పోయిన తొంభైమంది ఎక్కడున్నారు? అసలు ప్రశ్న అది.

వారు విచారణ కోసం ఎదురుచూస్తున్నారు. ఏ సంవత్సరపు నేర గణాంకాలు తిరగేసినా, ఉపా కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా ఏడాది చివరికి కోర్టుల్లో పెండింగులోనే ఉంటున్నాయి. వారు దోషులూ కారు, నిర్దోషులూ కారు. కోర్టు ఇంకా ఏ మాటా చెప్పనివారు. కాబట్టి మన కరపత్రం మీద ఉండవలసిన వాక్యం "97 శాతం నిర్దోషులు" కాదు. "వేలమందికి ఏళ్ల తరబడి తీర్పే లేదు" అని ఉండాలి. ఈ వాక్యాన్ని ఏ మంత్రీ, ఏ పోలీసు అధికారీ ఖండించలేరు. ఎందుకంటే ఇది వారి లెక్కే.

శిక్షలు ఎందుకు తక్కువని సభ్యులు అడిగినప్పుడల్లా ప్రభుత్వమిచ్చే సమాధానం ఒకటుంది. శిక్ష పడటమన్నది సుదీర్ఘమైన న్యాయ ప్రక్రియ ఫలితమని, అది విచారణకు పట్టే కాలం, సాక్ష్యాల పరిశీలన వంటి అనేక అంశాలపై ఆధారపడుతుందని వారంటారు. నిజమే. ఇతర నేరాల్లోనూ విచారణ ఆలస్యమవుతుంది. కానీ ఇతర కేసుల్లో నిందితుడు సాధారణంగా బెయిలు మీద ఇంట్లో ఉండి ఎదురుచూస్తాడు. ఇక్కడ జైల్లో ఉండి ఎదురుచూస్తాడు. తేడా అక్కడుంది.

ఈ తేడాను చట్టమే సృష్టించింది. మామూలు కేసులో 60 లేదా 90 రోజుల్లో ఛార్జిషీటు వేయకపోతే బెయిలు హక్కుగా లభిస్తుంది. ఉపాలో ఆ గడువును 180 రోజుల దాకా పొడిగించవచ్చు. 2008 సవరణతో వచ్చిన 43డి సెక్షన్ ఐదవ ఉపవిభాగం ప్రకారం, కేసు డైరీనో ఛార్జిషీటునో చూసిన మీదట ఆరోపణ పైకి నిజమనిపిస్తే చాలు, కోర్టు బెయిలు ఇవ్వరాదు. 2019 ఏప్రిల్‌లో వటాలీ కేసులో సుప్రీంకోర్టు, బెయిలు దశలో సాక్ష్యాల బలాబలాలను లోతుగా తూచరాదని చెప్పింది. పోలీసు రాసిన కాగితాన్ని అప్పటికి నిజమని అనుకోవాలి. అది అబద్ధమని నిరూపించుకునే అవకాశం విచారణలోనే వస్తుంది. ఆ విచారణ మాత్రం రాదు!

2021 ఫిబ్రవరి 1న నజీబ్ కేసులో సుప్రీంకోర్టు ఒక తలుపు తెరిచింది. ఆ నిందితుడు అప్పటికి ఐదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. ఇంకా 276 మంది సాక్షులను విచారించవలసి ఉంది. సత్వర విచారణ రాజ్యాంగం ఇచ్చిన హక్కు అని, విచారణ సమంజసమైన కాలంలో ముగిసే ఆశ లేనప్పుడు 43డి సెక్షన్ అడ్డున్నా రాజ్యాంగ న్యాయస్థానాలు బెయిలు ఇవ్వవచ్చునని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. 2024 ఆగస్టులో జలాలుద్దీన్ ఖాన్ కేసులో, బెయిలు ఇవ్వడమే నియమమన్న సూత్రం ఇటువంటి ప్రత్యేక చట్టాలకూ వర్తిస్తుందని అదే కోర్టు చెప్పింది. ఈ రెండు తీర్పుల పేర్లు ఇక్కడున్న ప్రతి కార్యకర్తా రాసిపెట్టుకోవాలి.

ఇక శిక్షల అంకెలోనూ ఒక చిక్కుంది. కింది కోర్టు శిక్ష వేయగానే ఆ ఏటి గణాంకాల్లో అది చేరిపోతుంది. పైకోర్టు తర్వాత ఆ శిక్షను కొట్టేసినా పాత పుస్తకంలో అంకె మారదు. మన అమలాపురం బిడ్డ ప్రొఫెసర్ సాయిబాబా సంగతి చూడండి. 90 శాతం వైకల్యంతో చక్రాల కుర్చీలో ఉన్న మనిషిని 2014లో అరెస్టు చేశారు. 2017లో గడ్చిరోలి కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. 2024 మార్చి 5న బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం ఆయనను నిర్దోషిగా ప్రకటించింది. అదే ఏడాది అక్టోబరు 12న ఆయన ఇదే హైదరాబాద్‌లో, నిమ్స్ ఆసుపత్రిలో కన్నుమూశారు. 2017 నాటి శిక్షల లెక్క మాత్రం అలాగే ఉంది.

అక్షర్‌ధామ్ కేసు కూడా అలాంటిదే. పోటా చట్టం కింద కింది కోర్టు ఆరుగురిని దోషులుగా నిర్ణయించింది. వారిలో ముగ్గురికి మరణశిక్ష. హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. 2014 మే 16న సుప్రీంకోర్టు ఆరుగురినీ నిర్దోషులుగా విడుదల చేస్తూ దర్యాప్తు తీరును తీవ్రంగా తప్పుబట్టింది. తాము పోగొట్టుకున్న ఏళ్లకు పరిహారం ఇప్పించమని వారు తిరిగి అదే కోర్టును ఆశ్రయిస్తే 2016లో ఆ వినతి అంగీకారం పొందలేదు.

2006 ముంబయి రైలు పేలుళ్ల కేసులో 12 మందిని 2015లో ప్రత్యేక కోర్టు దోషులన్నది. ఐదుగురికి ఉరిశిక్ష వేసింది. 2025 జులై 21న బొంబాయి హైకోర్టు పన్నెండుమందినీ నిర్దోషులన్నది. అప్పటికే ఒకరు జైల్లో మరణించారు. ఆ తీర్పును ఇతర కేసుల్లో ప్రమాణంగా చూపరాదని మూడు రోజులకే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. అయితే విడుదలైనవారిని మళ్లీ జైలుకు పంపలేదు. పందొమ్మిదేళ్లు గడిచాయి. ఆ రైళ్లలో చనిపోయిన 180 మందికి పైగా అమాయకుల కుటుంబాలకు దక్కిందేమిటి? అసలు నేరస్థులెవరో వారికి ఈనాటికీ తెలియదు.

ఈ మాట మనం గట్టిగా చెప్పాలి. నిర్దోషిని పట్టుకున్న ప్రతిసారీ దోషి తప్పించుకుంటాడు. మనం ఉగ్రవాదుల పక్షాన మాట్లాడటం లేదు. బాంబుకు బలైనవారి పక్షాన కూడా మాట్లాడుతున్నాం.

జాతీయ దర్యాప్తు సంస్థ, ఎన్‌ఐఏ, తన కేసుల్లో 94 శాతానికి పైగా శిక్షలు పడుతున్నాయని ప్రకటించుకుంటుంది. ఇది కూడా తీర్పు వెలువడిన కేసులపై తీసిన శాతమే. వాటిలో నేరం ఒప్పుకున్న కేసులు గణనీయంగా ఉన్నాయి. ఏళ్ల తరబడి జైల్లో మగ్గినవాడికి, ఒప్పుకుంటే త్వరలో ఇంటికి పోవచ్చునని తోస్తే అతడేం చేస్తాడో ఆలోచించండి. ఎన్‌ఐఏ చట్టం 19వ సెక్షన్ ప్రకారం ప్రత్యేక కోర్టు రోజువారీగా విచారణ సాగించాలి. ఆ సెక్షన్‌ను అక్షరాలా అమలు చేయాలని కోరడం మన హక్కు.

ఇదంతా ఈనాడు మొదలైంది కాదు. 1985లో టాడా వచ్చింది. 1994 మధ్య నాటికి దాని కింద 76 వేల మందికి పైగా అరెస్టయ్యారు. శిక్ష పడినవారు రెండు శాతం లోపే. ఉగ్రవాద సమస్య లేని గుజరాత్‌లోనే 19 వేలకు పైగా అరెస్టులు జరిగాయి. వారిలో కార్మిక, రైతు ఉద్యమాలవారు కూడా ఉన్నారు. 1995 ఫిబ్రవరిలో జాతీయ మానవహక్కుల కమిషన్ అధ్యక్షులు జస్టిస్ రంగనాథ్ మిశ్రా ఈ చట్టాన్ని పొడిగించవద్దని పార్లమెంటు సభ్యులకు లేఖ రాశారు. ఆ ఏడాది మేలో టాడా ముగిసింది. టాడాను ఓడించింది నినాదం ఒక్కటే కాదు, ఆ అంకెలు కూడా. పోటా 2002లో వచ్చి 2004లో రద్దయింది. రద్దయిన రోజే దాని నిబంధనలు చాలావరకు ఉపాలోకి చేరాయి. పోటాకు గడువుండేది, ఎప్పటికప్పుడు పార్లమెంటు ముందుకు రావలసి ఉండేది. ఉపాకు గడువు లేదు.

మన నగరం సంగతికి వస్తాను. 2007 మే 18, శుక్రవారం. మక్కా మసీదులో జుమా నమాజు వేళ బాంబు పేలి తొమ్మిదిమంది మరణించారు. ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో ఐదుగురు పోయారు. చనిపోయినవారూ మనవారే, అనుమానితులుగా పట్టుబడినవారూ మనవారే. పదులకొద్దీ యువకులను పట్టుకుపోయారు. చిత్రహింసలు పెట్టారన్న ఫిర్యాదులపై రాష్ట్ర మైనారిటీల కమిషన్ ఒక న్యాయవాది చేత విచారణ జరిపించింది. కోర్టులు ఆ యువకులను విడుదల చేశాయి. 2012లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం నిర్దోషులుగా తేలిన 20 మందికి మూడేసి లక్షల రూపాయలు, నిర్బంధించి వదిలిన మరో 50 మందికి ఇరవైవేల చొప్పున పరిహారం ప్రకటించింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. బాంబు కేసు సీబీఐకి, అక్కడినుంచి ఎన్‌ఐఏకు చేరి, నిందితులు మారారు. 2018 ఏప్రిల్ 16న ఆ ఐదుగురు నిందితులూ నిర్దోషులుగా విడుదలయ్యారు. ఇప్పుడు లెక్క చెప్పండి. పద్నాలుగు ప్రాణాలు, డజన్లకొద్దీ పాడైన యవ్వనాలు, శిక్షలు సున్నా.

ఈ చట్టాలు మనమీదే ప్రయోగిస్తున్నారని అనుకోకండి. మణిపూర్‌లో, అసోంలో, మధ్యభారత అడవుల్లో ఆదివాసీలమీద ప్రయోగించారు. మన తెలంగాణలో ములుగు జిల్లా తాడ్వాయిలో నమోదైన కేసులో ప్రొఫెసర్ హరగోపాల్‌తో సహా 152 మంది పేర్లు చేర్చి, అది 2023లో బయటపడ్డాక గగ్గోలు రేగితే ఆయనతోపాటు కొందరి పేర్లు తొలగించారు. కాబట్టి ఇది మన ఒంటరి పోరాటం కాదు. కలిసి పోరాడవలసినవారు చాలామంది ఉన్నారు.

అయితే మనపై ఎంత ప్రయోగించారో లెక్క చెప్పండంటే ప్రభుత్వం చెప్పదు. 2021 ఫిబ్రవరిలో రాజ్యసభలో ఇచ్చిన సమాధానంలోనే, ఉపా అరెస్టుల వివరాలను మతం, జాతి, కులం, లింగం వారీగా ఎన్‌సీఆర్‌బీ నిర్వహించదని తెలిపింది. అదే సంస్థ జైళ్ల గణాంకాల్లో మాత్రం ఖైదీల మతం నమోదు చేస్తుంది. 2019 జైళ్ల లెక్కల ప్రకారం, జనాభాలో 14.2 శాతమున్న ముస్లిములు శిక్షపడిన ఖైదీల్లో 16.6 శాతం, విచారణ ఖైదీల్లో 18.7 శాతం, ముందస్తు నిర్బంధంలో ఉన్నవారిలో 35.8 శాతం. ఈ క్రమాన్ని గమనించండి. సాక్ష్యం అవసరం తగ్గుతున్నకొద్దీ మన వాటా పెరుగుతోంది. నేరం రుజువైన చోట తక్కువ, అనుమానం చాలనుకునే చోట ఎక్కువ.

సోదరులారా, ఇప్పుడు మనం అడగవలసినవి చెబుతాను. ఒక ఏడాది అరెస్టయినవారిలో ఎంతమందిపై ఛార్జిషీటు వేశారు, ఎంతమంది ఎన్నేళ్లు జైల్లో ఉన్నారు, చివరికి ఏం జరిగిందన్నది ఏటికేడు ప్రచురించాలి. పైకోర్టులు కొట్టేసిన శిక్షలను కూడా చూపాలి. మతం, కులం వారీ వివరాలు ఇవ్వాలి. తప్పుడు ప్రాసిక్యూషన్‌కు బలైనవారికి పరిహారం ఇచ్చే చట్టం చేయాలని లా కమిషన్ 2018లో తన 277వ నివేదికలో సిఫారసు చేసింది. ఆ చట్టం తేవాలి. మన ఓటు అడగడానికి వచ్చే ప్రతి పార్లమెంటు సభ్యుణ్ణీ ఈ ప్రశ్నలు అడగండి. సభలో ఒక్క ప్రశ్న వేస్తే ఒక లెక్క బయటకొస్తుంది. ఇందాక నేను చెప్పిన ఉపా అరెస్టుల, శిక్షల అంకెలు అలా వచ్చినవే.

కుటుంబాలు చేయవలసినవీ ఉన్నాయి. అరెస్టుకు కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలని 2024 మేలో పుర్కాయస్థ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ కాగితం అడిగి తీసుకోండి. నిర్బంధంలో ఉన్న వ్యక్తికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేయండి. అన్నిటికన్నా ముఖ్యంగా ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. ఏ తేదీన వాయిదా పడింది, ఎవరు కోరారు, ఎంతమంది సాక్షులు వచ్చారు, అన్నీ రాయండి. రేపు నజీబ్ తీర్పు చూపి బెయిలు అడిగినప్పుడు ఆలస్యం మనవల్ల జరగలేదని ఆ పుస్తకమే చెబుతుంది.

చివరిగా మనలో మనం అనుకోవలసిన మాట. అరెస్టు వార్త రాగానే ఆ ఇంటి గుమ్మం తొక్కడం మానేసేది పోలీసులు కాదు, మనం. అద్దె ఇల్లు ఖాళీ చేయించేది మనం. ఆ ఇంటి ఆడపిల్ల సంబంధం వెనక్కి తిప్పేది మనం. కోర్టు తీర్పు రాకముందే మహల్లా తీర్పు చెప్పేస్తోంది. తీర్పు లేకుండా శిక్ష వేసే ప్రభుత్వాన్ని ప్రశ్నించే నోరు మనకుండాలంటే ముందు మనం ఆ పని మానాలి. నేరం చేసినవాడు మనవాడైనా శిక్షార్హుడే, నేరం రుజువు కానివాడు ఎవరైనా గౌరవార్హుడే. స్వజనానికి వ్యతిరేకమైనా న్యాయం పక్షాన నిలవమని మన ధర్మం మనకు నేర్పింది.

ఆ పెద్దాయనను నేను ఆ తర్వాత మళ్లీ కలిశాను. ఈసారి దాటవేయలేదు. "చాచా, ఆ కరపత్రంలో ఉన్నది నిజం కాదు. మీవాడు ఎప్పుడొస్తాడో నేను చెప్పలేను. కానీ ఈ నాలుగేళ్లలో వాయిదాలెన్ని పడ్డాయో చెప్పండి, బెయిలు పిటిషన్‌లో రాద్దాం" అన్నాను. ఆయన చాలాసేపు మౌనంగా ఉన్నారు. తర్వాత సంచిలోంచి ఒక పాత క్యాలెండర్ తీశారు. ప్రతి వాయిదా తేదీ చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి ఉంది. ప్రభుత్వం రాయని లెక్కను ఆ తండ్రి రాసుకున్నారు.

అటువంటి క్యాలెండర్లు ఈ దేశంలో ఎన్ని ఇళ్లలో ఉన్నాయో, వాటన్నిటినీ ఒకచోట చేర్చే పని మనది. అల్లాహ్ మనకు సత్యం పలికే ధైర్యాన్ని, న్యాయం కోసం నిలిచే ఓర్పును ప్రసాదించుగాక. ఆమీన్.